డ్రెయిన్ తవ్వేది కాంట్రాక్టరు, తవ్వించేది ఎవరు?

డ్రెయిన్ పని బాగోలేదంటే ఊళ్లో ముందు వినబడే తిట్టు కాంట్రాక్టరుకే. గట్టు మీద పోసిన మట్టి తొలి వానకే మళ్లీ డ్రెయిన్‌లోకి జారినా, గుర్రపుడెక్క పైపైన లాగి పక్కన పడేసినా, పొక్లెయిన్ నాలుగు రోజులు తిరిగి అయిదో రోజు కనబడకపోయినా ‘వాడు తినేశాడు’ అంటాం. తిన్నాడో లేదో తర్వాత చూద్దాం. అతన్ని ఆ పనికి పెట్టిందెవరు? ఎంత లోతు తవ్వాలో రాసిచ్చిందెవరు? తవ్వాడని కొలిచి పుస్తకంలో ఎక్కించిందెవరు? ఆ కొలత చూసి డబ్బు ఇమ్మన్నదెవరు? ఇవేవీ కాంట్రాక్టరు చేసే పనులు కావు. టెండరు పిలిచి, ఒప్పందం మీద సంతకం పెట్టి, పని చేయించుకునే అధికారి చేసేవి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడ వంకరగా లేపితే ఇంటాయన అడ్డుపడతాడు. పడకపోతే చూసినవాళ్లు ఇంటాయన్నే తప్పుపడతారు. డ్రెయిన్ల విషయంలో ఆ ఇంటాయన ఎవరో, ఆయన ఏం చేయాలో ఈ నెల మాట్లాడుకుందాం. ఎందుకు ఇప్పుడే అంటే, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. ఏడాదిలో ఈ పనులకు దొరికేది ఆ కొద్ది రోజులే.

గోదావరి మధ్య డెల్టాలో ఉప్పలగుప్తం శివారు మండలం. బొబ్బర్లంక దగ్గర వదిలిన కాలువ నీరు మా చేలకు అందరి తర్వాత చేరుతుంది. ఎగువ చేల మురుగు సముద్రానికి పోవాలంటే మాత్రం మా మీదుగా పోవాలి. నీళ్లు అందడంలో చివర, ముంపులో ముందు. మురుగు దిగేది కూడా పాటు వేళే. పోటు వేళ సముద్రమే డ్రెయిన్‌లోకి ఎగదన్నుతుంది. మొగ పూడి, డ్రెయిన్ అడుగున పూడిక పేరుకుంటే ఆ పాటు వేళ చాలదు, చేలో నీరు చేలోనే ఉంటుంది. సార్వా ఊడ్పులయ్యాక వారం రోజులు నీళ్లు నిలబడితే ఆ నారు కుళ్లిపోవడం చూడని రైతు ఈ మండలంలో లేడు. మొన్న అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడూ గాలికి పడిపోయిన చేను ఒక ఎత్తు, పడిన చేను నీళ్లలోంచి బయటపడకపోవడం ఇంకో ఎత్తు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా వింతగా చూసింది. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు రూ.1,080. గిట్టుబాటు లేదు, కూలీలు దొరకరు, పండిన ధాన్యం కొనేవాడు లేడు అన్న కారణాలన్నీ పత్రికల్లో వచ్చాయి. వాటితోపాటు ‘డ్రెయిన్లు తవ్వండి’ అన్న మాటా మొదటి నుంచీ ఉంది. అప్పటి ప్రభుత్వం విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. పదకొండేళ్ల తర్వాత, 2022 జూన్‌లో, ఇదే ప్రాంతంలో రైతులు మళ్లీ పంట విరామం మాట ఎత్తారు. అప్పుడూ డ్రెయిన్ల మాట ఉంది. ఈ మధ్యకాలంలో డ్రెయిన్ల మీద ఖర్చు పెట్టలేదా అంటే, పెట్టారు. ఎస్టిమేట్లు వేశారు, టెండర్లు పిలిచారు, బిల్లులూ రాశారు. డబ్బు అసలు రాలేదన్న బాధ కంటే, వచ్చిన డబ్బుకు తగ్గ లోతు కనబడలేదన్న బాధ పెద్దది.

ఆ డబ్బు ఎవరో దయతలచి ఇస్తున్నదేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. 1985లో పెన్నా డెల్టాను కూడా కలిపి ఇంకో చట్టం చేశారు. ఈ డ్రెయిన్ల కోసం మన పెద్దలు శిస్తుతోపాటు సెస్సు కట్టినవాళ్లు. పన్ను కట్టినవాడు లెక్క అడిగితే కొన్ని ఆఫీసుల్లో ఎందుకు మొహం చిట్లిస్తారో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

గవర్నరు గారి పేరు మీద

ఒక డ్రెయిన్ పూడికతీత ఒప్పందం తీసి చూస్తే రెండు పక్షాలు కనబడతాయి. ఒక పక్షం కాంట్రాక్టరు. రెండో పక్షం రాష్ట్ర గవర్నరు. రాజ్యాంగంలోని 299వ అధికరణ ప్రకారం ప్రభుత్వం చేసుకునే ప్రతి ఒప్పందమూ గవర్నరు పేరనే ఉండాలి. ఆయన తరఫున అధికారం పొందిన అధికారి సంతకం పెడతాడు. మన పనుల్లో ఆ అధికారి, పని మొత్తాన్ని బట్టి, జలవనరుల శాఖ ఈఈ గానీ ఎస్ఈ గానీ. మా ఊరి మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించే కాగితం గవర్నరు గారి పేరు మీద నడుస్తుందంటే నవ్వు వస్తుంది గానీ, అందులో అర్థం ఉంది. సంతకం పెట్టిన అధికారి తన సొంతానికి పెట్టడం లేదు, ప్రజలందరి తరఫునా పెడుతున్నాడు.

అదే అధికరణలో రెండో భాగం ఉంది. ఆ ఒప్పందానికి గవర్నరు గానీ సంతకం పెట్టిన అధికారి గానీ వ్యక్తిగతంగా బాధ్యులు కారు. ఇది తప్పని మేము అనం. ప్రతి అధికారి ఇల్లు తాకట్టు పెట్టుకుని సంతకం చేయాలంటే ఏ పనీ జరగదు. కాకపోతే వ్యక్తిగత బాధ్యత లేనిచోట పద్ధతి గట్టిగా ఉండాలి. ఎస్టిమేట్, ప్రకటన, ఒప్పందం, కొలత, బిల్లు, ఆ తర్వాత లోపాలు సరిచేయించే గడువు, వీటిలో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు చూస్తున్నారన్న భయం ఉండాలి. ఆ చూసేవాళ్లు లేకపోవడమే మన జబ్బు.

క్యాలెండరు చూడండి. దాళ్వా నీరు అయ్యాక ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు. సార్వాకు జూన్ మొదట్లో మళ్లీ నీళ్లు వదులుతారు. 2022లో అయితే జూన్ 1నే గోదావరి డెల్టాకు వదిలారు. తుపాన్ల లోగా కోత అయిపోవాలి గనుక ముందుగా వదలడం మంచిదే, మేమూ అడిగినదే. అంటే పనికి మిగిలేది ఆరేడు వారాలు. ఆ ఆరేడు వారాల పని కోసం టెండరు ఎప్పుడు పిలవాలి? ఫిబ్రవరిలో పిలిస్తే మార్చిలో ఒప్పందం అవుతుంది, కాలువ కట్టిన మర్నాడు మిషను దిగుతుంది. మా మండలంలో ఒక డ్రెయిన్ పనికి, పేరెందుకు గానీ, ఒప్పందం అయ్యేసరికి మే నెల సగం గడిచింది. పొక్లెయిన్ దిగిన వారానికే కాలువలకు నీళ్లు వచ్చాయి, చేల నీరు డ్రెయిన్‌లోకి దిగింది. నీళ్లలో తవ్వారు. నీళ్లలో ఎంత తవ్వారో గట్టు మీద నిలబడ్డవాడికి ఏం తెలుస్తుంది? ఆ ఆలస్యం కాంట్రాక్టరు చేసినది కాదు. ప్రతిపాదన వెళ్లడం, మంజూరు రావడం, ప్రకటన ఇవ్వడం అన్నీ ఆఫీసు బల్లల మీద జరిగినవి. కాలువలు కట్టే తేదీ ఎవరికీ తెలియని రహస్యం కాదు గదా! నారు ఎప్పుడు పోయాలో రైతుకు తెలిసినట్టు, టెండరు ఎప్పుడు పిలవాలో పిలిచేవాడికి తెలిసి ఉండాలి.

రెండో సంగతి లెవెల్స్. పూడికతీతలో అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది గనుక కాస్త వివరంగా చెప్పాలి. రోడ్డు వేస్తే మందం తవ్వి చూడవచ్చు, వంతెన కడితే కంటికి కనబడుతుంది. పూడిక తీసిన తర్వాత కనబడేది ఖాళీ. ఆ ఖాళీకి డబ్బు ఇవ్వాలంటే, తవ్వకముందు అడుగు ఎంత ఎత్తులో ఉంది, తవ్వాక ఎంతకు దిగింది అన్న రెండు కొలతలూ ఉండాలి. వాటి తేడాయే తీసిన మట్టి. ఘనపు మీటర్ల లెక్కన దానికే బిల్లు. ముందు లెవెల్ తీసినప్పుడు గుర్రపుడెక్కనూ తూడునూ కూడా పూడిక కింద చూపిస్తే, ఆకు తీసేస్తే చాలు, మట్టి తీసినట్టే లెక్క తేలుతుంది. ముందు లెవెల్స్ పాత ఎస్టిమేట్ నుంచి దించేస్తే ఇక చెప్పేదే లేదు. కొలత పుస్తకం, మన భాషలో ఎం-బుక్, రాసేది ఏఈ. పైన డీఈ సరిచూడాలి, ఈఈ బిల్లు పాస్ చేయాలి. నాణ్యత చూసే విభాగం వేరే ఉంది. కాంట్రాక్టరు ఎంత గడుసువాడైనా ఎం-బుక్‌లో తన చేత్తో ఒక్క అంకె వేసుకోలేడు. అందుకే కొలత తప్పిందంటే ముందు అడగవలసింది పుస్తకం రాసినవాళ్లని.

కొలత సరిగ్గా ఉన్నా ఎస్టిమేటే తప్పయితే? ఎంత లోతు, ఎంత వెడల్పు, తవ్విన మట్టి ఎక్కడ వేయాలి, మొగ దగ్గర ఏం చేయాలి అన్నవి కాంట్రాక్టరు నిర్ణయించేవి కావు. సముద్రం పక్కన డ్రెయిన్‌ను ఊరికే లోతు చేసుకుంటూ పోతే పోటు మరింత లోపలికి వస్తుంది. గట్లు, స్లూయిజు తలుపులు లేకుండా లోతు ఒక్కటే లెక్కలో వేస్తే మురుగు దిగే దారే ఉప్పు ఎక్కే దారి అవుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఎగదన్నే ఉప్పునీటికి కొబ్బరి చెట్లు మోడులైపోతే, 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి వచ్చి చూసి వెళ్లారు. ఏ డ్రెయిన్ ఎక్కడ ఎలా ప్రవర్తిస్తుందో ఆ గట్టు మీద బతికే రైతుకు తెలుసు. ఎస్టిమేట్ వేసే ముందు ఆ రైతును ఒక్క మాట అడగమని ఏ రూలూ అడ్డు చెప్పదు. అడగరు, అంతే.

తక్కువకు వేసినవాడు

టెండర్లంటే పాతకాలం పెట్టె గుర్తున్నవాళ్లు ఉంటారు. కాంట్రాక్టర్లు కూడబలుక్కుని బయటివాణ్ణి పెట్టె దాకా రానిచ్చేవారు కాదు. 2003లో మన రాష్ట్రం ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టింది, దేశంలో ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రం మనదే. ఆ గూండాయిజం చాలావరకు పోయింది, అది ఒప్పుకోవాలి. దాని తర్వాత కొత్త జబ్బు వచ్చింది. ఎస్టిమేట్ మీద ఇరవై, ఇరవై అయిదు శాతం లెస్‌కు వేసి పని పట్టడం. ఇరవై అయిదు శాతానికి మించి తగ్గిస్తే ఆ తేడాకు అదనపు హామీ కట్టాలని మన టెండరు నిబంధనల్లో ఉంది. అంటే మరీ తక్కువకు వేసినవాడి మీద అనుమానం పెట్టుకోమని నిబంధనే చెబుతోంది. ప్రభుత్వానికి ఆదా అయిందని పత్రికా ప్రకటన ఇస్తారు. ఎస్టిమేట్ నిజమైనదైతే పావు వంతు తగ్గించుకుని అదే లోతు ఎలా తవ్వగలడు? తవ్వగలిగితే ఎస్టిమేట్ ఎక్కువ వేసినట్టు. తవ్వలేకపోతే పని తక్కువ అవుతుందని తెలిసీ ఇచ్చినట్టు. రెండిట్లో ఏది నిజమైనా జవాబు చెప్పవలసినవాడు టెండరు పిలిచినవాడే.

పైస్థాయిలో ఈ పదేళ్లలో పద్ధతులు మారుతూ వచ్చాయి. 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు. తక్కువకు వేసినవాడి రేటు మీద మళ్లీ పాట పెట్టి ఇంకా తగ్గించడం. 2024లో దాన్ని తీసేశారు. 2019లోనే రూ.100 కోట్లు దాటిన పనుల టెండరు పత్రాలను ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలించాలని చట్టం చేశారు. 2024లో అదీ రద్దయింది. ఈ రెండిటి మీదా రాజకీయంగా ఎవరి వాదన వాళ్లకుంది. మా మండలంలో జరిగే డ్రెయిన్ పనులు లక్షల్లో ఉంటాయి. వంద కోట్ల న్యాయమూర్తి కంటికి అవి అప్పుడూ ఆనలేదు. చిన్న పని మీద కన్ను వేసేది గట్టు మీది రైతు ఒక్కడే, అతని చేతిలో కాగితం ఉండదు.

పొరుగు రాష్ట్రాలు ఈ విషయంలో మనకంటే నయం. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకత చట్టాలు చేసుకున్నాయి. టెండరు పిలిచే అధికారి ఎవరు, ఆమోదించే అధికారి ఎవరు అన్నది ఆ చట్టాల్లో విడివిడిగా రాసి ఉంది. జిల్లాల వారీగా టెండరు బులెటిన్ వేయాలి. నిర్ణయం నచ్చని టెండరుదారు అప్పీలు చేసుకునే దారీ ఉంది. కేంద్రంలో 2012లో పార్లమెంటు ముందుకు వచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. మన దగ్గర జీవోలున్నాయి, ప్రభుత్వం మారితే జీవో మారుతుంది. చట్టం ఉన్నచోట అవినీతి లేదని మేమేమీ చెప్పడం లేదు. అడగడానికి ఒక సెక్షన్ నంబరైనా ఉంటుంది.

కాంట్రాక్టరు తరఫున కూడా ఒక మాట చెప్పాలి. సంఘం పత్రికలో ఇదేమిటి అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. పని పూర్తి చేసి బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగిన చిన్న కాంట్రాక్టర్లు మన జిల్లాలోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది రైతు కుటుంబాల పిల్లలే, అప్పు తెచ్చి మిషను కొన్నవాళ్లు. బిల్లు రాదని తెలిస్తే మంచివాడు టెండరు వేయడు. వేసేవాడు ఆలస్యానికి వడ్డీని పనిలో కోస్తాడు. పని చేయించుకున్న పక్షం డబ్బు వేళకు ఇవ్వకపోతే నాణ్యత అడిగే నోరు దానికి పోతుంది.

ఈ మాట మనకు వేరే తోవలో బాగా తెలుసు. ధాన్యం అమ్మేటప్పుడు ప్రభుత్వానికి సరుకు ఇచ్చే పక్షం మనమే. కొనేది పౌరసరఫరాల సంస్థ. 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకు రూ.2,369, మన 75 కిలోల బస్తా లెక్కన రూ.1,777. తేమ 17 శాతం దాటకూడదని కొనేవాడి షరతు. అది మనం పాటించాలి. డబ్బు ఫలానా రోజుకు ఇవ్వకపోతే ఇంత వడ్డీ అన్న షరతు కొనేవాడి మీద ఎక్కడుంది? చెరకు రైతుకు 1966 నాటి ఉత్తర్వులో ఉంది. పద్నాలుగు రోజులు దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ ఫ్యాక్టరీ ఇవ్వాలి. చిన్న పరిశ్రమ సరుకు అమ్మితే 45 రోజులు దాటాక వడ్డీ కట్టాలని 2006 చట్టంలో ఉంది, ప్రభుత్వ సంస్థ కొన్నా సరే. ధాన్యం రైతుకు అలాంటి నిబంధన లేదు, ట్రక్ షీటు మాత్రం ఉంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారేసరికి రైతులకు ధాన్యం బాకీ రూ.1,674 కోట్లని మంత్రిగారే ప్రకటించారు. తర్వాత అది తీర్చారు, సంతోషం. ఆ నెలల వడ్డీ మాత్రం రైతే వడ్డీ వ్యాపారికి కట్టుకున్నాడు. కౌలు రైతైతే మగతా కొలిచి, ఆ పైన కట్టుకున్నాడు. డ్రెయిన్ తవ్వించేటప్పుడు కొలత దగ్గర మెతకగా ఉండే ప్రభుత్వం, ధాన్యం కొనేటప్పుడు తేమ మీటరు దగ్గర అంత గట్టిగా ఎలా ఉండగలుగుతోంది?

ఈ ఏప్రిల్‌లో

2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. 1997 చట్టం ప్రకారం పనుల మీద పర్యవేక్షణ ఆ సంఘాల బాధ్యతల్లో ఒకటి. కొన్నిచోట్ల సంఘమే పని తీసుకుని చేస్తోంది. చేయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే చేసేదీ సంఘమే, చూసేదీ సంఘమే అయితే గట్టు మీది రైతుకు దిక్కెవరు? అధ్యక్షుడు పని చేయించే చోట లెవెల్స్ తీసే రోజున పాలకవర్గంలో లేని ఇద్దరు ఆయకట్టు రైతులైనా దగ్గరుండాలని మేము అడుగుతున్నాం. ఒకరు డ్రెయిన్ ఎగువ రైతు, ఒకరు శివారు రైతు అయితే మరీ మంచిది, ఇద్దరి కష్టం వేరు.

శాఖను మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఏ డ్రెయిన్‌కు ఎంత పని ప్రతిపాదించారో గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. పని దగ్గర బోర్డు పెట్టాలి. దాని మీద మొత్తం, కాంట్రాక్టరు పేరు రాస్తే చాలదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, అడుగు ఎంతకు దిగాలి, సంతకం పెట్టిన అధికారి హోదా ఏమిటి, లోపాలు సరిచేసే గడువు ఎప్పటిదాకా అన్నవి తెలుగులో రాయాలి. ఆ గడువు లోపల గట్టు జారితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో సరిచేయాలి. జారిందని కాగితం మీద పెట్టే పని అధికారిది. ఆయన పెట్టకపోతే మనం పెట్టి, రసీదు తీసుకోవాలి.

ఇవి వాళ్లంతట వాళ్లు చేసేదాకా కూర్చోనక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టంలో కాగితాల నకళ్లే కాదు, పనిని స్వయంగా వెళ్లి తనిఖీ చేసే హక్కు, రికార్డులు చూసి రాసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు. డివిజను కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు 30 రోజులు. ఎస్టిమేట్, తవ్వకముందు లెవెల్స్, ఒప్పందం తేదీ, ఎం-బుక్ పేజీలు, ఈ నాలుగూ ఒకే కాగితంలో అడగవచ్చు. ప్రతి గ్రామ కమిటీ తన ఊరి డ్రెయిన్ ఒక్కదానికే వేయాలి, మండలం మొత్తానికి ఒకే దరఖాస్తు వేస్తే ‘సమాచారం ఎక్కువగా ఉంది’ అంటారు. ఏప్రిల్ 10 లోగా వేస్తే మే 10కి గడువు తీరుతుంది. అప్పటికి మిషను డ్రెయిన్‌లోనే ఉంటుంది, నీళ్లు ఇంకా రావు.